అరచేతిలో డీజిల్ ఇంజిను

అమెరికాలో చాలా ఇళ్లకు నేలమట్టానికి దిగువన ఒక పెద్ద గది ఉంటుంది. బట్టలుతికే యంత్రమూ, చలికాలంలో ఇంటిని వెచ్చబరిచే కొలిమీ అందులోనే ఉంటాయి. మిగిలిన జాగాను ఒక్కో కుటుంబం ఒక్కో పనికి వాడుకుంటుంది. కొన్ని ఇళ్లలో అక్కడ రైలు నడుస్తుంది. నడుమెత్తు చెక్కబల్ల, దానిమీద పట్టాలు, ఒక వంతెన, ఒక స్టేషను, ప్లాస్టరుతో చేసిన కొండ. వీటన్నిటి మధ్య అరచేతిలో ఇమిడే ఇంజిను. ఈ మొత్తం అమరికను వారు లేఅవుట్ అంటారు. ఇది చిన్నపిల్లల ఆట అని తోసిపుచ్చేవారు ఆ బల్ల దగ్గర కొన్ని రోజులు కూర్చుని, పాత ఇంజినును బాగుచేసి, రంగువేసి, మళ్లీ పట్టాలెక్కించే పనిని మొదటి నుంచి చివరి వరకు చూడాలి. అందులో విద్యుత్తు ఉంది, యంత్రశాస్త్రం ఉంది, చరిత్ర ఉంది, చేతిపని ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, పాత వస్తువు విషయంలో మనం ఏది మార్చవచ్చు, ఏది మార్చకూడదు అనే ప్రశ్న ఉంది. ఈ వ్యాసంలో నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది ఆ ప్రశ్న గురించే.

మా అన్నగారి కుమారుడు చికాగో నగర శివార్లలో ఉద్యోగరీత్యా స్థిరపడ్డాడు. గత శీతకాలంలో రెండు నెలలపాటు వారింట ఉండే అవకాశం నాకు కలిగింది. ఆ రెండు నెలల్లో అతను, అతని పద్నాలుగేళ్ల కుమారుడు, మా కోడలు కలిసి ఒక పాత డీజిల్ ఇంజిను నమూనాను బాగుచేసుకున్నారు. నేను పాఠశాలలో ఖుర్ఆన్ బోధనతోపాటు పిల్లలకు ఖత్తాతీ, అంటే కలంతో అందమైన లిపి రాయడం, కూడా నేర్పినవాణ్ణి. కనుక సన్నని గీతల విలువ, తడి ఆరకముందే చేయి పెడితే కలిగే నష్టం నాకు తెలుసు. మిగిలినదంతా అక్కడ నేర్చుకున్నాను.

ముందుగా అసలు ఇంజిను సంగతి. ఆ నమూనాకు మూలం ఎఫ్-7 అనే డీజిల్ ఇంజిను. జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన ఎలక్ట్రో-మోటివ్ విభాగం 1949 నుంచి 1953 వరకు దీన్ని తయారుచేసింది. ఆ విభాగపు ప్రధాన కర్మాగారం చికాగోకు ఆనుకుని ఉన్న లా గ్రాంజ్ ప్రాంతంలోనే ఉండేది. మావాళ్ల ఇంటి నుంచి కారులో ఎంతో దూరం లేదు. ఎఫ్-7 శక్తి 1,500 అశ్వశక్తి. డ్రైవరు కూర్చునే గది ఉన్నవాటిని ‘ఎ’ యూనిట్లు అన్నారు, అవి 2,366. ఆ గది లేకుండా వెనుక జతచేసేవి ‘బి’ యూనిట్లు, అవి 1,483. రెండూ మూడూ నాలుగూ కలిపి, ముందున్న ఒక్క డ్రైవరే అన్నిటినీ నడపగలగడం డీజిలు సాధించిన గొప్ప సౌలభ్యం. ఆవిరి ఇంజిన్లకైతే ప్రతిదానిలోనూ మనుషులు కావాలి, బొగ్గు కావాలి, నీళ్లు కావాలి.

ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. 1939లో అదే సంస్థ ఎఫ్‌టీ రకం యూనిట్లు నాలుగింటిని కలిపి, 103 అనే సంఖ్యతో, 5,400 అశ్వశక్తి గల ప్రదర్శన ఇంజినును దేశం మీదకు వదిలింది. అది పదకొండు నెలల్లో ఇరవై రైల్వే సంస్థల మార్గాల మీద 83,764 మైళ్లు, అంటే సుమారు 1 లక్షా 35 వేల కిలోమీటర్లు తిరిగింది. కొండలెక్కింది, ఎడారి దాటింది, మంచులో నడిచింది. ఆ తరువాత ఇరవై యేళ్లు తిరిగేసరికి అమెరికా ప్రధాన మార్గాల మీద ఆవిరి ఇంజిను దాదాపు కనుమరుగైంది. పేరు డీజిలైనా ఈ ఇంజిన్లలో చక్రాలను తిప్పేది విద్యుత్తే. లోపలి డీజిల్ యంత్రం ఒక జనరేటరును తిప్పుతుంది. ఆ విద్యుత్తు ఇరుసుల దగ్గరున్న మోటార్లకు చేరుతుంది. నమూనా ఇంజినుకు ఈ సంగతితో కొంత పోలిక ఉంది, దాన్ని ముందు చెబుతాను.

మన పాఠకులకు ఇది పూర్తిగా పరాయి కథ కాదు. మనం చిన్నతనం నుంచి చూసిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్లు వేరొక అమెరికా సంస్థ, ఆల్కో, రూపకల్పనలు. 1962లో అక్కడి నుంచి వచ్చాయి. 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. అయితే 1999లో మొదట దిగుమతై, తరువాత వారణాసిలోనే తయారైన 4,000 అశ్వశక్తి డబ్ల్యూడీజీ-4 సరకు ఇంజిను మాత్రం ఈ ఎలక్ట్రో-మోటివ్ వారిదే. గుంతకల్లు వైపు మార్గాల్లో పొడవాటి గూడ్సు రైళ్ల ముందు దాన్ని చూసినవారు ఎఫ్-7 మనుమణ్ణి చూసినట్లే.

ఇక నమూనా. అది హెచ్‌వో అనే కొలతలోనిది. అసలులో 87వ వంతు. యాభై అడుగులకు పైబడిన ఎఫ్-7 ఈ కొలతలో 18 సెంటీమీటర్లకు కాస్త తక్కువగా వస్తుంది. రెండు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 87వ వంతు అన్నప్పుడు పొడవు మాత్రమే ఆ లెక్కకు లొంగుతుంది, బరువు లొంగదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 87వ వంతుకు తగ్గితే బరువు ఆరున్నర లక్షల వంతు కన్నా ఎక్కువగా తగ్గిపోతుంది. నూరు టన్నులు దాటిన ఇంజిను నూటయాభై, నూటఅరవై గ్రాములకు వస్తుంది. అంత తేలికైన వస్తువు చక్రాలకు పట్టు ఉండదు, పెట్టెలను లాగలేదు. కనుక తయారీదారులు లోపల లోహపు దిమ్మె పెట్టి బరువు పెంచుతారు. మా మనుమడు ఈ లెక్కను కాగితం మీద తనంతట తానే చేసి చూపించాడు. పాఠశాలలో ఘనపరిమాణం అధ్యాయం అతనికి అంతకుముందు నచ్చలేదని తల్లి చెప్పింది.

మావాళ్లు కొన్న ఇంజినును కాలిఫోర్నియాకు చెందిన ఆథెర్న్ సంస్థ తయారుచేసింది. ఇర్విన్ ఆథెర్న్ అనే ఆయన స్థాపించిన ఈ సంస్థ నమూనా రైలును మధ్యతరగతి ఇంటికి అందుబాటులోకి తెచ్చింది. నీలిరంగు అట్టపెట్టెలో విడిభాగాలు వచ్చేవి. ఒక సాయంత్రం కూర్చుంటే బిగించుకోవచ్చు. అప్పటికే పేరున్న లయొనెల్ సంస్థ 1948లో, ఎఫ్-7కు ముందుతరమైన ఎఫ్-3 నమూనాను తెచ్చింది. అది పరిమాణంలో పెద్దది, మూడు పట్టాల మీద నడిచేది, ధరలోనూ పెద్దదే. ఆ రోజుల్లో పండుగ నాటికి ఆ లయొనెల్ ఇంజిను కోసం దుకాణం కిటికీ ముందు నిలబడిన పిల్లలు ఎందరో; ఇంటికి తీసుకెళ్లగలిగినవారు కొందరే. ఆథెర్న్ ఆ తేడాను తగ్గించింది. మావాళ్లు పాత నమూనాల సంతలో దాన్ని కొన్నది ఒక పూట హోటలు భోజనం ఖరీదుకు. ఇలాంటి కాలక్షేపాలు దుబారాకు దారితీస్తాయన్న భయం పెద్దలకు సహజం. ఆ భయం నిరాధారమూ కాదు. కొత్త ఇంజిన్ల ధరలు నేను విన్నాను. అయితే పాతదాన్ని కొని బాగుచేసుకునే మార్గం ఎప్పుడూ ఉంది, నేర్చుకునేది కూడా అందులోనే ఎక్కువ.

రబ్బరు బ్యాండ్లతో నడిచే ఇంజిను

పై తొడుగు తీసి చూస్తే నాకు నవ్వు వచ్చింది. పళ్ల చక్రం ఒక్కటీ లేదు. మధ్యలో మోటారు, దాని కడ్డీ ముందుకూ వెనుకకూ పొడవుగా సాగి ఇరుసుల మీదుగా పోతుంది. ఆ కడ్డీ నుంచి కింద ఉన్న ఒక్కో ఇరుసుకు ఒక్కో రబ్బరు బ్యాండు. ఇరుసు మధ్యలో చిన్న డోలు వంటి చుట్టు. కడ్డీ తిరిగితే బ్యాండు లాగుతుంది, ఇరుసు తిరుగుతుంది. ఆథెర్న్ తొలినాళ్ల చవక ఇంజిన్లు ఇలాంటివే. తరువాత ఆ సంస్థ పళ్ల చక్రాలకు మారింది గాని, ఈ రబ్బరు ఇంజిన్లను ఇప్పటికీ ప్రేమగా దాచుకునేవారున్నారు. మా ఊరి పిండిమరలో పట్టా ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే.

దాని గుణం ఒకటే, దోషం ఒకటే, రెండూ ఒక్క చోటి నుంచే వస్తాయి. నిర్మాణం సులువు, కాబట్టి చవక. కాని కడ్డీ వేగాన్ని తగినంత తగ్గించే ఏర్పాటు అందులో లేదు. మీట కొద్దిగా తిప్పితే కదలదు. ఇంకొద్దిగా తిప్పితే కుందేలులా గెంతుతుంది. అసలు రైలు గంటకు అరవై మైళ్లు పోతుంటే, 87వ వంతు నమూనా సెకనుకు ముప్పై సెంటీమీటర్లు కదలాలి, అంటే సుమారు ఒక అడుగు. ఈ ఇంజిను ఊరికే వదిలితే దానికి ఎన్నో రెట్ల వేగంతో పోయి మలుపులో పడుతుంది.

పాత బ్యాండ్లు ఎండి, పగుళ్లుబారి, ఒకటి ఇరుసుకు బంకలా అంటుకుపోయి ఉంది. వాటిని కత్తిరించి తీసి, ఇరుసులను శుభ్రంచేశారు. కొత్త బ్యాండు ఎంపికలో తొందర పనికిరాదు. వదులైతే జారుతుంది. మరీ బిగువైతే మోటారు మీద భారం పడి వేడెక్కుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. నాలుగూ ఒకే బిగువులో ఉండాలి. చక్రాల అంచుల మీద దశాబ్దాల నల్లని మురికి పేరుకుని ఉంది. ఆ పాత చక్రాల లోహం గరుకుగా ఉండటంతో మురికిని త్వరగా పట్టుకుంటుంది. మురికి ఉంటే కరెంటు అందదు. కరెంటు అందకపోతే ఇంజిను ఆగి, ఆగి నడుస్తుంది. సగం ఇళ్లలో పాత ఇంజిను పాడైపోయిందని అటక మీద పడేయడానికి కారణం ఈ మురికేనని నా అన్నకొడుకు అభిప్రాయం. తుడిచి, ఇరుసుల చివరలకు ప్లాస్టిక్కును కరిగించని నూనె ఒక్కొక్క చుక్క సూది మొనతో అంటించాడు. ఒక చుక్క చాలు. రెండవ చుక్క బ్యాండు మీదకు పాకితే అది జారిపోతుంది.

విద్యుత్తు సంగతి సులువే. రెండు పట్టాల్లో 12 వోల్టుల వరకు ఏకముఖ విద్యుత్తు. ఒక పట్టా నుంచి వచ్చేది, మరో పట్టాకు తిరిగిపోయేది, మధ్యలో మోటారు. ధన, ఋణ దిక్కులు మారిస్తే ఇంజిను వెనక్కు నడుస్తుంది. కుడి పట్టా ధనమైతే ముందుకు నడవాలన్నది 1935లో ఏర్పడిన అక్కడి జాతీయ నమూనా రైల్వే సంఘం పెట్టిన నియమం. ఆ ఒక్క నియమం వల్ల ఏ సంస్థ ఇంజినైనా ఏ ఇంటి పట్టాల మీదైనా ఒకే దిశలో కదులుతుంది. అసలు ఎఫ్-7 తన విద్యుత్తును తానే పుట్టించుకుంటుంది. ఇది పట్టాల నుంచి అరువు తెచ్చుకుంటుంది. చివరకు ఇరుసును తిప్పేది మాత్రం రెంటిలోనూ మోటారే.

పాత రంగును ఏం చేయాలి?

ఇక్కడే ఇంట్లో వాదం మొదలైంది. సంతలో కొన్నప్పుడు దాని తొడుగు మీద కర్మాగారపు రంగు లేదు. ఎవరో చేతి కుంచెతో నీలమూ పసుపూ వేశారు. శాంటా ఫే రైల్వే తన సరకు ఇంజిన్లకు వాడిన రంగులవి. నీలం మందంగా పడి, తలుపుల అంచులూ గాలి చట్రాల గీతలూ పూడుకుపోయాయి. పసుపు గీత ముక్కు దగ్గర తిన్నగా మొదలై పక్కకు వచ్చేసరికి వణికింది. తొడుగు లోపలి వైపు సూదితో గీసిన రెండు అక్షరాలు, 1959 అనే సంవత్సరం.

పిల్లవాడికి అది అసహ్యంగా కనిపించింది. దాన్ని తీసేసి, శాంటా ఫే ప్రయాణికుల రైళ్లకు వాడిన వెండి, ఎరుపు రంగులు వేయాలని అతని పట్టు. తండ్రి కూడా అటే మొగ్గాడు. ఆథెర్న్ ఇలాంటి తొడుగులు లెక్కలేనన్ని పోతపోసింది, ఇందులో అరుదైనదేమీ లేదు, పనితనమూ లేదు అన్నది అతని వాదన.

నాకు ఆ వాదన సగమే నిజమనిపించింది. తొడుగులు లెక్కలేనన్ని, నిజమే. కాని ఆ వణికిన గీత ఒక్కటే. అరవై యేళ్ల క్రితం ఏ వంటింటి బల్ల దగ్గరో కూర్చుని, నాలుక పంటి కింద నొక్కిపట్టి ఆ గీత గీసినవాడు ఎవరో మనకు తెలియదు. తన పని మీద తన గుర్తు పెట్టుకున్నాడు. నా దగ్గర లిపి నేర్చుకునే పిల్లలు రాసిన మొదటి పలకలు కూడా అలాంటివే. వాటిని తుడిచేయమని చెప్పడం నాకు ఎప్పుడూ సులువు కాలేదు. ఎండిన రబ్బరును మార్చడం ఒక సంగతి. అది మారితేనే యంత్రం బతుకుతుంది. రంగు అలాంటిది కాదు. రంగు లేకపోయినా, బాగోకపోయినా ఇంజిను నడుస్తుంది. ద్రావకంలో ముంచిన తరువాత ఆ గీతను ఎవరూ తిరిగి తేలేరు.

పాత నమూనాలు సేకరించేవారి లోకంలో దీనికి మరో ముఖం ఉంది. పాత లయొనెల్ ఇంజిన్ల వంటివాటికి ధర పలికేది కర్మాగారం నాటి అసలు రంగు మీదే. చెక్కలు లేచిన అసలు రంగు, నిగనిగలాడే కొత్త రంగు కన్నా ఎక్కువ ధర తెస్తుంది. కాబట్టి కొత్త రంగును అసలు రంగుగా చూపి అమ్మే మోసం కూడా ఉంది. 1954లో ఏర్పడిన అక్కడి రైలు సేకర్తల సంఘం, వస్తువు స్థితిని ఏ మాటలతో వర్ణించాలో శ్రేణులు నిర్ణయించింది. మా మదర్సాలో క్రయవిక్రయాల అధ్యాయం బోధించేటప్పుడు ‘ఖియారె ఐబ్’ అనే పాఠం వస్తుంది. సరకులో దాచిన లోపం బయటపడితే దాన్ని తిరిగి ఇచ్చివేసే హక్కు కొన్నవాడికి ఉంటుంది. విద్యార్థులకు గుడ్డ, గుర్రం, ధాన్యం ఉదాహరణలుగా చెబుతాం. ఇకమీదట బొమ్మ ఇంజిను కూడా చెబుతాను. రంగు వేయడం తప్పు కాదు. వేసిన సంగతి అమ్మేటప్పుడు చెప్పకపోవడం తప్పు. మా అన్నకొడుకు తాను బాగుచేసిన ప్రతి ఇంజిను అడుగునా, ఏ భాగం మార్చిందీ ఏ సంవత్సరం రంగువేసిందీ సన్నని అక్షరాలతో రాసి పెడతాడు. ఎప్పుడో తన పిల్లలు దాన్ని అమ్మినా కొన్నవాడు మోసపోకూడదని.

వాదం తెగగొట్టింది మా కోడలు. తొడుగూ చట్రమూ వేరుచేయగలిగినప్పుడు రెండింటినీ ఒకదానికొకటి ఎందుకు కట్టివేయాలి అని అడిగింది. తరువాతి సంతలో అదే కాలపు, అదే అచ్చు తొడుగు మరొకటి దొరికింది. దానిమీద కర్మాగారపు రంగు చాలావరకు రాలిపోయి, వెనుక మెట్టు ఒకటి విరిగి ఉంది. దానికి ఎవరి చేతి గుర్తూ లేదు. రంగు తీయవలసింది దీనికే.

రంగు తీయడం, రంగు వేయడం

రంగు తీయడానికి 91 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తొడుగును నానబెట్టారు. ఆ పేరు వినగానే కొందరు పాఠకులు ఉలిక్కిపడవచ్చు. ఇది తాగే మద్యం కాదు, తాగితే విషం. ఇంజక్షనుకు ముందు చర్మం మీద రుద్దే దూదిలో ఉండేది ఇదే. అయితే త్వరగా మండే ద్రవం. ఆవిరి ఇంటి కొలిమి మంటను చేరకూడదు కనుక నేలమాళిగలో కాక కారుషెడ్డులో, మూతపెట్టిన డబ్బాలో ఉంచారు. ఆ డబ్బా మళ్లీ వంటింటి గడప తొక్కకూడదని మా కోడలు దానిమీద పెద్ద అక్షరాలతో రాసింది. వెనుకటి తరం వారు దీనికి మోటారు వాహనాల బ్రేక్ ద్రవం వాడేవారట. చర్మానికీ కళ్లకూ అది చేటు, పిల్లలున్న ఇంట అసలే వద్దు. మర్నాటికి రంగు మెత్తబడింది. పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, చేతికి తొడుగులు వేసుకుని ఆరబెట్టారు. ఆ తరువాత వేలు తగిలితే చర్మపు జిడ్డు అక్కడే ఉండిపోతుంది, రంగు అక్కడ పట్టదు.

ఎంచుకున్న రంగుల వెనుక కథ ఉంది. శాంటా ఫే సంస్థ చికాగో, లాస్ ఏంజెలెస్ నగరాల మధ్య నడిపిన సూపర్ చీఫ్ రైలు కోసం, జనరల్ మోటార్స్ చిత్రకారుడు లీలాండ్ నికర్‌బాకర్ 1937లో ఈ వర్ణక్రమం రూపొందించాడు. ముక్కు అంతా ఎరుపు. ఆ ఎరుపు వంపు తిరిగి వెనక్కు సాగి, వెండి రంగు పక్కల మీద గీతగా సన్నబడుతుంది. అంచుల్లో పసుపు, నలుపు గీతలు. అమెరికా ఆదివాసుల ఈకల శిరోభూషణం పోలికతో దీనికి ‘వార్‌బానెట్’ అనే పేరు వచ్చింది. ఎవరి నేలలను చీల్చుకుంటూ పట్టాలు సాగాయో వారి తలపాగానే అలంకారంగా పెట్టుకోవడం ఆ కాలపు విడ్డూరాల్లో ఒకటి. రంగుల కూర్పు మాత్రం చూసిన కన్ను మరచిపోలేనిది. శాక్రమెంటో నగరంలోని కాలిఫోర్నియా రాష్ట్ర రైల్వే మ్యూజియంలో ఈ రంగుల్లోనే ఒక అసలు ఎఫ్-7, 347సి, భద్రంగా ఉంది. దాని ఫొటోలను ముందుపెట్టుకునే మావాళ్లు పని మొదలుపెట్టారు.

పాతతరం నమూనాకారులు ఫ్లోక్విల్ అనే రంగుల పేరు చెబితే ఇప్పటికీ నిట్టూరుస్తారు. సన్నగా, అందంగా పట్టేదట. కాని ఘాటైన ద్రావకంతో చేసింది కాబట్టి కొన్ని ప్లాస్టిక్కులను తినేసేది. ముందు ఒక రక్షణ పూత వేయవలసి వచ్చేది. 2013లో దాని తయారీ ఆపేశారు. మావాళ్లు నీటితో పలుచన అయ్యే యాక్రిలిక్ రంగులు వాడారు. అయినా ఎయిర్ బ్రష్ చిమ్మే పొగమంచు ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ముఖానికి మాస్కు, ఎదురుగా గాలిని బయటికి లాగే పంకా ఉన్న పెట్టె లేకుండా పిల్లవాణ్ణి ఆ పని ముట్టనివ్వలేదు.

మొదట బూడిదరంగు అడుగుపూత. తరువాత వెండి. వెండి పూత అడుగున ఉన్న ప్రతి గీటునూ బయటపెడుతుంది. గోడకు సున్నం వేశాక దీపం పక్కన పెడితే గుంటలన్నీ కనిపించినట్లు. రెండుసార్లు గరుకు కాగితంతో రుద్ది మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. వెండి ఆరిన తరువాత కనీసం రెండు రోజులు ముట్టుకోలేదు. లోహపు రంగు పైకి ఆరినట్లుండి లోపల మెత్తగా ఉంటుంది. ఆ దశలో టేపు అతికిస్తే తీసేటప్పుడు రంగు కూడా ఊడివస్తుంది. ప్రతి ప్రయోగమూ ముందు ప్లాస్టిక్ చెంచా వీపు మీద చేసి చూశారు. ముక్కుకు ఉన్న వంపు చెంచాకూ ఉంటుంది కదా.

అసలు పరీక్ష ఎరుపు వంపు. ముక్కు ఏ దిక్కునా చదునుగా ఉండదు. వెడల్పు టేపు ఆ వంపు మీద మడత పడుతుంది. కాబట్టి టేపును గాజుపలక మీద పరచి, కొత్త బ్లేడుతో రెండు మిల్లీమీటర్ల సన్నని పట్టీలుగా కోసి, వంపు వెంట కొద్దికొద్దిగా తిప్పుతూ అతికించారు. చుట్టలోని టేపు అంచుకు ధూళి అంటి ఉంటుంది, అది పనికిరాదు. అప్పుడే కోసిన అంచే కావాలి. ఖత్తాతీలో కలం మొనను ప్రతి పాఠానికీ కొత్తగా చెక్కుకోవడం దీనికి సరిగ్గా సాటి. తరువాత ఒక చక్కని ఉపాయం: ఎరుపు వేయకముందు టేపు అంచు మీద మళ్లీ వెండినే పలుచగా చిమ్మారు. అంచు కింద ఎక్కడైనా సందు ఉంటే వెండి వెళ్లి పూడుస్తుంది. వెండి మీద వెండి కనబడదు. ఆ తరువాత ఎరుపు వస్తే దూరడానికి దారి ఉండదు.

ఎరుపు మొదటి పూత మచ్చలుమచ్చలుగా పడింది. పిల్లవాడు వెంటనే రెండవది దట్టంగా వేయబోతే తండ్రి చేయిపట్టి ఆపాడు. దట్టంగా వేస్తే రంగు ముక్కు కిందికి కారుతుంది, గీతలు పూడుకుపోతాయి. ఆ నీలం తొడుగుకు జరిగింది అదే. పలుచని పూతలు అయిదు పట్టాయి.

పసుపు, నలుపు గీతలను రంగుతో వేయరు. డెకాల్స్ అనే సన్నని పొర మీద అచ్చువేసి వస్తాయి. మైక్రోస్కేల్ వంటి సంస్థలు అమ్ముతాయి. నీటిలో నానబెట్టి, కాగితం మీద నుంచి జార్చి, తొడుగు మీద పరచాలి. అందుకు ముందు తొడుగుకు నిగనిగలాడే పారదర్శక పూత తప్పనిసరి. గరుకు రంగు మీద పొర అతికిస్తే అడుగున గాలి చిక్కుకుని వెండి మచ్చలా మెరుస్తుంది. తరువాత మెత్తబరిచే ద్రవం ఒక చుక్క వేస్తే పొర రేకు గాట్లలోకి దిగి రంగు వేసినట్లే కూర్చుంటుంది. ఈ పని మా కోడలిది. గోరింటాకు కోనుతో అరచేతి మీద వెంట్రుకవాసి గీతలు లాగిన చేయి. కుంచె కొసతో పసుపు గీతను ముక్కు చుట్టూ తిప్పి రెండు కొసలనూ కలిపిన తీరు చూసి, ఊపిరి బిగబట్టి నిలుచున్న తండ్రీకొడుకులు ఇద్దరూ ఆ బల్ల వదిలి వెనక్కు జరిగారు. ముక్కు మీది సంస్థ ముద్ర చుట్టకు చుట్టే కాగితపు పట్టీలా ఉంటుంది కనుక దాన్ని అక్కడ ‘సిగార్ బ్యాండ్’ అంటారు. అది మాత్రం పిల్లవాడే అతికించాడు.

లేఅవుట్ సంగతి క్లుప్తంగా. రెండు గోడల వెంట సాగే బల్ల, చివర ఒక మలుపు. మలుపు వ్యాసార్ధం 18 అంగుళాలు. 87 రెట్లు చేస్తే నలభై మీటర్లు కూడా రాదు. అంత పదునైన మలుపు అసలు ప్రధాన మార్గంలో ఉండదు. ఇంటి గోడలు ఒప్పుకోవు కనుక నమూనాకారులంతా ఈ విషయంలో రాజీపడతారు. స్టేషను మీద బెంచీలు, సామాను బండ్లు, గడియారం ఉన్నాయి, మనుషుల బొమ్మలు లేవు. రూపాల విషయంలో మన పెద్దలు చెప్పే జాగ్రత్తను వాళ్లు పాటిస్తున్నారు. రైలు ఇప్పుడే వెళ్లిపోయినట్లుంది, అంతే.

కొత్త తొడుగు పెట్టి నడిపిన రోజున ఇంజిను ఎప్పటిలాగే గెంతింది. దానికి మందు బరువే. ఒంటరి ఇంజినుకు బదులు పన్నెండు పెట్టెలు తగిలించారు. లాగవలసిన భారం ఉన్నప్పుడు బ్యాండ్లు ముందు సాగి, తరువాత పట్టుకుని, మెల్లగా కదిలించాయి. మీటను పిల్లవాడు రెండు వేళ్లతో, గడియారానికి కీ ఇచ్చినట్లు, వెంట్రుకంత తిప్పడం నేర్చుకున్నాడు. ఒక్కో పట్టాకూ కాక ఒక్కో ఇంజినుకూ విడిగా ఆజ్ఞలు పంపే డిజిటల్ పద్ధతి 1990ల నుంచి వాడుకలో ఉంది. దాన్ని ఇందులో అమర్చవచ్చు కూడా. కాని ఆథెర్న్ పాత ఇంజిన్లలో లోహపు చట్రమే ఒక తీగగా పనిచేస్తుంది. మోటారును చట్రం నుంచి పూర్తిగా వేరుచేస్తేగాని ఆ పరికరం పెట్టకూడదు, లేకుంటే క్షణంలో కాలిపోతుంది. చట్రాన్ని కోయడం, తీగలు మార్చడం ఇష్టంలేక అలాగే ఉంచారు. ఆ నిర్ణయం నాకు నచ్చింది.

పసుపు నీలం తొడుగుకు చేసింది ఒక్కటే. దుమ్ము పొడిగుడ్డతో తుడవడం. రెండు తొడుగులూ ఒకే చట్రానికి సరిపోతాయి. నేను బయలుదేరే నాటికి చట్రం మీద నీలానిదే ఉంది. ఎరుపుదానికి కిటికీల పారదర్శక పలకలు, వెనుక విరిగిన మెట్టు ఇంకా అతికించవలసి ఉన్నాయి. దాని జతగా నడిచే ‘బి’ యూనిట్ కోసం మరో తొడుగు ఆల్కహాలు డబ్బాలో నానుతోంది.